ఓమ్రాన్ 7120 బీపీ మిషన్: కొనే ముందు దండ కొలుచుకోండి

మెడికల్ షాపులో "బీపీ మిషన్ ఇవ్వండి" అని అడిగితే, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా, షాపాయన ముందు పెట్టే డబ్బాల్లో ఓమ్రాన్ హెచ్‌ఈఎం 7120 తరచుగా ఉంటుంది. ధర షాపును బట్టి, ఆన్‌లైన్ తగ్గింపును బట్టి రెండు వేల రూపాయలకు అటూ ఇటూ. ఆ ధరకు మంచి మిషనే. అయితే అందరికీ సరిపోదు. డబ్బాలో వచ్చే, చేతికి చుట్టే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల దండ (భుజానికీ మోచేతికీ మధ్య భాగం) కోసం చేసింది. మీరు ఎవరి కోసం కొంటున్నారో వారి దండ ఆ కొలతలో లేకపోతే మిషన్ రోజూ తప్పు అంకె చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి గోలీ పెంచడమో తగ్గించడమో జరుగుతుంది. అందుకే ఇక్కడ మిషన్ కన్నా పట్టీ గురించే ఎక్కువ రాస్తున్నాం.

ముందు డబ్బా సంగతి. అరచేతిలో పట్టే మిషన్, గాలి గొట్టంతో పట్టీ, వాడే విధానం చెప్పే పుస్తకం. నాలుగు ఏఏ సెల్లుల మీద నడుస్తుంది. కరెంటుకు పెట్టే అడాప్టర్ కావాలంటే విడిగా కొనాలి. మీట ఒక్కటే, నొక్కితే మొదలు, మళ్లీ నొక్కితే ఆగిపోతుంది. తెర మీద పైన బీపీ, కింద బీపీ, పల్స్ పెద్ద అంకెల్లో వస్తాయి, చత్వారం ఉన్నవాళ్లు కూడా చదువుకోగలరు. ఫోన్‌కు కలపడం, యాప్, బ్లూటూత్ ఏమీ లేవు. చదువు రాని పెద్దమనిషి కూడా ఒంటరిగా చూసుకోగలిగేంత సులువు కాబట్టి, పల్లెలో ఒంటరిగా ఉండే తల్లిదండ్రులకు ఇది పనికొస్తుంది. లోటు ఏమిటంటే పాత రీడింగుల చిట్టా ఇందులో ఉండదు, చివరిది మాత్రమే గుర్తుంచుకుంటుంది. నోటుబుక్కు తప్పనిసరి.

ఇక పట్టీ. దండ కొలవడానికి టైలర్ దగ్గర ఉండే టేపు చాలు. భుజం చివరి ఎముకకూ మోచేతికీ సరిగ్గా నడుమ, చెయ్యి వదులుగా వేలాడేసి, టేపు బిగించకుండా చుట్టండి. టేపు లేకపోతే దారం చుట్టి, దాన్ని పిల్లల స్కేలు మీద పెట్టి కొలవండి. 22 నుంచి 32 మధ్య వస్తే ఈ డబ్బా తెచ్చుకోవచ్చు. సరిగ్గా 32 దగ్గర ఉంటే మాత్రం పెద్ద పట్టీ అడగడం మేలు. గాలి పట్టినప్పుడు అంచున ఉన్న పట్టీ జారుతుంది, వెల్క్రో ఊడుతుంది.

చిన్న పట్టీ లావు దండకు ఎందుకు తప్పు చూపుతుందంటే, లోపలి గాలి సంచి దండ చుట్టూ సరిపోదు. రక్తనాళాన్ని అదమడానికి మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడి పెట్టాల్సి వస్తుంది, ఆ అదనపు ఒత్తిడినే మిషన్ బీపీగా చదువుతుంది. అసలు 130 ఉన్నవారికి 140 దాటి చూపించడం మామూలే. పెద్ద పట్టీ సన్నని దండకు కడితే తప్పు రెండోవైపు పోతుంది, బీపీ ఉన్నా తక్కువగా కనిపిస్తుంది. మన దిక్కు దీన్ని ఎక్కువగా పట్టించుకోవాలి. నాట్లకు, కలుపుకు, పత్తి ఏరడానికి పోయి ఎండి సన్నబడిన పెద్ద వయసు ఆడవాళ్ల దండ 20, 21 సెంటీమీటర్లే ఉండటం అరుదు కాదు. వాళ్లకు మామూలు పట్టీ చుడితే 128 వచ్చిందని "నీకు బీపీ లేదమ్మా" అనేస్తారు. అలాంటివారికి 17 నుంచి 22 సెంటీమీటర్ల చిన్న పట్టీ, లావు దండకు 32 నుంచి 42 సెంటీమీటర్ల పెద్ద పట్టీ విడిగా దొరుకుతాయి. డబ్బులిచ్చే ముందే "ఇది ఈ మోడల్‌కు పడుతుందా" అని అడిగి, గొట్టం చివర మిషన్‌లో దూర్చి చూడండి. వేరే కంపెనీ పట్టీ గొట్టం సరిపోయినట్టు కనిపించినా వాడొద్దు. ఏ పట్టీతో లెక్క సరిచేశారో ఆ పట్టీతోనే మిషన్ సరిగ్గా కొలుస్తుంది.

చుట్టే పద్ధతి దగ్గర చాలామంది తొందరపడతారు. చొక్కా చెయ్యి పైకి మడిస్తే ఆ మడతే దండను బిగించేస్తుంది, జాకెట్ చెయ్యి బిగుతుగా ఉన్నా అంతే. చెయ్యి పూర్తిగా బయటకు తీయండి, బట్ట మీద పట్టీ కట్టొద్దు. పట్టీ కింది అంచుకూ మోచేతి మడతకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. ఎడమ చేతికి కడితే గొట్టం మోచేతి లోపలివైపు నుంచి నడిమి వేలి దిక్కుగా దిగాలి. బిగింపు ఎంతంటే, పట్టీ పై అంచు కింద ఒక వేలు సులువుగా దూరాలి, రెండు వేళ్లు దూర్చాలంటే కాస్త కష్టపడాలి. పై అంచు, కింది అంచు ఒకే బిగువులో ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడండి. దండ పైన లావు, కింద సన్నం ఉన్నవారికి కింది అంచు వదులై గంటలా విచ్చుకుంటుంది. అలాంటప్పుడు పట్టీని కొంచెం వాలుగా చుట్టి సరిచేయాలి. గొట్టం మీద చెయ్యి ఆనకూడదు, మెలిక పడకూడదు.

కూర్చునే చోటు ఇంకో చిక్కు. చాలా ఇళ్లల్లో బీపీ చూసేది నులక మంచం మీద కూర్చోబెట్టే. వీపుకు ఆనుకునేది ఉండదు, కాళ్లు వేలాడుతుంటాయి, చెయ్యి తొడ మీద ఉంటుంది. మూడూ అంకెను పెంచేవే. పట్టీ గుండె కన్నా ఒక సెంటీమీటరు కిందికి ఉంటే దాదాపు ముప్పావు పాయింటు ఎక్కువ చూపిస్తుంది. చెయ్యి తొడ మీద ఉంటే పట్టీ పది సెంటీమీటర్లు కిందికి పోవచ్చు, అంటే ఏడెనిమిది పాయింట్ల తేడా. ప్లాస్టిక్ కుర్చీని గోడకు ఆనించి వేయండి, పాదాలు రెండూ నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వేయొద్దు. పక్కన స్టూలు మీద దిండు పెట్టి, దాని మీద చెయ్యి వదులుగా పెడితే పట్టీ రొమ్ము ఎత్తుకు వస్తుంది. చెయ్యిని తనంతట తాను ఎత్తి పట్టుకుంటే కండ బిగుసుకుని మళ్లీ తప్పు వస్తుంది.

చూడటానికి అరగంట ముందు చాయ, బీడీ, సిగరెట్, తంబాకు వద్దు. ఒంటేలుకు పోయి రావాలి, నిండిన మూత్రాశయం కూడా బీపీ పెంచుతుంది. తర్వాత అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, టీవీ, ఫోన్ లేకుండా. పట్టీ బిగుసుకుంటుండగా పెద్దవాళ్లు సహజంగా "ఎంతొచ్చింది బిడ్డా?" అని అడుగుతారు. మాట్లాడితే అంకె పది దాకా పెరగొచ్చు. "అయిపోయినంక చెప్తనే అమ్మా, అప్పటిదాక మాట్లాడకు" అని ముందే చెప్పి మీట నొక్కండి. చూసేవాళ్లు కూడా మాట్లాడొద్దు.

మొదటిసారి రెండు చేతులకూ చూడాలి. ఎక్కువ వచ్చిన చేతినే ఇక ఎప్పుడూ వాడండి. రెండు చేతుల మధ్య పైన బీపీ తేడా మళ్లీ మళ్లీ 10 దాటుతుంటే డాక్టర్‌కు చెప్పండి. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేసిన చేతికి పట్టీ కట్టనే వద్దు. రొమ్ము ఆపరేషన్‌లో చంకలో లింఫ్ గ్రంథులు తీసినవారు ఆ వైపు చేతిని వదిలేయాలి.

డాక్టర్ దగ్గరికి పోయే ముందు వారం రోజుల లెక్క ఉంటే చాలు, ఏడాదంతా రోజూ చూడాల్సిన పని లేదు. పొద్దున లేచి, గోలీ వేసుకోకముందు, ఏమీ తినకముందు రెండుసార్లు, నడుమ ఒక నిమిషం ఆగి. మాపటిపూట అన్నానికి ముందు మళ్లీ రెండుసార్లు. ఏడు రోజులకు 28 రీడింగులు. మొదటి రోజు నాలుగింటిని కొట్టేయండి, ఆ రోజు కొత్త మిషన్ బెరుకుతో ఎక్కువే వస్తాయి. మిగిలిన 24 పై అంకెలను కూడి 24తో భాగించండి, కింది అంకెలకూ అలాగే. నోటుబుక్కులో వరుస ఇలా ఉంటే డాక్టర్‌కు ఒక్క చూపుతో అర్థమవుతుంది: "14వ తారీఖు, పొద్దున 6:40, ఎడమ చెయ్యి, 142/88, 136/86, పల్స్ 78, గోలీ ఇంకా వేసుకోలేదు." రాత్రి నిద్ర లేకపోయినా, మోకాళ్ల నొప్పికి గోలీ వేసుకున్నా అదే వరుసలో రాయండి. అంకెలను గుండ్రంగా చేయొద్దు. 137ను 140 అని రాస్తే వారం సగటు పాడైపోతుంది.

ఇంట్లో సగటుకు గీత (ఆ అంకె చేరినా, దాటినా బీపీ ఎక్కువే అని లెక్క) 135/85, దవాఖానలో గీత 140/90. ఇంట్లో మనిషి నిమ్మళంగా ఉంటాడు కాబట్టి ఈ తేడా. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి డాక్టర్ ఇంకా తక్కువ గీత పెట్టవచ్చు, అది అడిగి నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో పొద్దున్నే బస్సెక్కి, నిలబడి ప్రయాణం చేసి, దవాఖాన మెట్లెక్కి, కూర్చోగానే చూస్తే 160 రావడంలో వింత లేదు. ఆ ఒక్క అంకెతో గోలీ పెరగకుండా ఆపేది ఈ వారం లెక్కే. దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. దవాఖానలో బాగానే ఉండి ఇంట్లో తెల్లారగట్ల ఎక్కువగా ఉండేవారు ఉంటారు. వాళ్ల సంగతి ఇంట్లో చూస్తే తప్ప బయటపడదు.

డాక్టర్ దగ్గరికి పోయే రోజు గోలీ మానేసి పోవద్దు. ఖాళీ కడుపుతో రక్త పరీక్ష ఉన్నా బీపీ గోలీని మామూలుగా మంచినీళ్లతో వేసుకోవచ్చు. షుగరు గోలీ సంగతి వేరు, అది అడిగి తెలుసుకోవాలి. 120 వచ్చింది కదా అని గోలీ ఆపేయడం మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. ఆ 120 గోలీ పనిచేయబట్టే వచ్చింది. అమ్లోడిపిన్ లాంటి గోలీ పూర్తిగా పట్టుకోవడానికి వారం, రెండు వారాలు పడుతుంది, కాబట్టి నిన్నటి అంకె చూసి ఇవాళ గోలీ మార్చడంలో అర్థం లేదు. ఒక పూట మరిస్తే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాడు రెండు కలిపి మింగొద్దు. అమ్లోడిపిన్‌తో చీలమండలు వాచినా, ఎనలాప్రిల్, రామిప్రిల్‌తో పొడి దగ్గు వచ్చినా మానేయకుండా డాక్టర్‌కు చెప్పండి, మార్చడానికి వేరే మందులు ఉన్నాయి. పుణె, ముంబయి పనులకు వలస పోయే పాలమూరు కుటుంబాలు తిరిగొచ్చేదాకా సరిపడా గోలీలు, చిట్టీ ఫొటో వెంట పెట్టుకోవాలి.

వారం లెక్క హఠాత్తుగా పెరిగితే మిషన్‌ను అనుమానించే ముందు నొప్పి గోలీలను అనుమానించండి. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు, నడుము పట్టేసిన తరం ఇంకా ఉంది. వాళ్లలో చాలామందికి నొప్పి గోలీ అన్నంతో పాటు ఉండాల్సిందే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ రకాలు ఒంట్లో ఉప్పును, నీటిని ఆపుతాయి, బీపీ పెంచుతాయి, కొన్ని బీపీ గోలీల పనిని తగ్గిస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఊళ్లో వేసే నొప్పి సూదిలో ఏ మందు ఉందో అడిగి నోటుబుక్కులో రాయండి. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంటే బీపీతో పాటు షుగరూ పెరుగుతుంది. జలుబు గోలీల్లో ఉండే ఫినైల్‌ఎఫ్రిన్ కూడా బీపీ పెంచేదే. మామూలు నొప్పికి పారాసిటమాల్ మేలు, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే.

ఉప్పు సంగతి అందరూ చెప్పేదే, కొలత ఒక్కటి గుర్తుంచుకోండి. మనిషికి రోజుకు అన్నీ కలిపి ఒక చెంచాలోపు, అంటే 5 గ్రాములకన్నా తక్కువ. కూరలో తగ్గించి, పక్కన మామిడికాయ తొక్కు, ఎండు చేపలు, అప్పడాలు పెట్టుకుంటే తగ్గించినట్టు కాదు. కడుపుబ్బరానికి నీళ్లలో కలిపి తాగే పొంగే పొడిలోనూ సోడియం ఉంటుంది. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవారు, టెల్మిసార్టాన్ వాడేవారు డాక్టర్‌ను అడగకుండా దాన్ని వాడొద్దు.

మిషన్ మొరాయించడం గురించి. తెర మీద అంకెకు బదులు ఇంగ్లీషు "E" అక్షరంతో ఎర్రర్ వస్తే మిషన్ చెడిపోయిందని అనుకోవద్దు. ఎక్కువసార్లు కారణం గొట్టం చివర సరిగ్గా దూరకపోవడం, పట్టీ వదులుగా ఉండటం, మధ్యలో చెయ్యి కదలడం, కింద బట్ట అడ్డు రావడం. ఈ మిషన్ శబ్దం వినదు. పట్టీలో గాలి తగ్గేటప్పుడు నాడి కొట్టుకోవడం వల్ల పుట్టే అదురును పట్టుకుని లెక్క వేస్తుంది. అందుకే వేలు కదిలినా, దగ్గినా గందరగోళపడుతుంది. అదే కారణంతో గుండె లయ తప్పి కొట్టుకునేవారికి రీడింగు రీడింగుకూ తేడా ఎక్కువగా ఉంటుంది. లయ తప్పిన గుర్తు తెర మీద ఒకసారి వస్తే మనిషి కదిలి ఉండవచ్చు, మళ్లీ మళ్లీ వస్తుంటే ఈసీజీ తీయించుకోవాలి. గర్భిణులకు గర్భంలో వాడటానికి పరీక్షించిన మోడల్ కావాలి, కొనే ముందు డాక్టర్‌ను అడగండి.

సెల్లులు అల్కలైన్‌వి వేయండి, నాలుగూ ఒకేసారి మార్చండి. నెలల తరబడి వాడకపోతే తీసేయండి, కారితే లోపలి స్ప్రింగులు తుప్పుపడతాయి. ఈ రకం మిషన్లు 10 నుంచి 40 డిగ్రీల మధ్య పనిచేసేలా చేస్తారు. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు కొత్త కాదు, రేకుల ఇంట్లో మధ్యాహ్నం ఇంకా ఎక్కువ. అప్పుడు కొలవొద్దు, పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడండి. ఎండకాలం బీపీ సహజంగానే కొంత తగ్గుతుంది. చెమట ఎక్కువై, పైగా నీరు పోయే గోలీ వాడుతుంటే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. అలాంటప్పుడు కూర్చుని ఒకసారి, లేచి నిలబడిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పైన బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడిపోతే అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. గొట్టాన్ని మిషన్ చుట్టూ బిగించి చుట్టి దాచితే మడత దగ్గర పగిలి గాలి పోతుంది, వదులుగా చుట్టండి.

180/120 దాటిన అంకె కనిపిస్తే ముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడండి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, ఒకవైపు చెయ్యి కాలు పడిపోవడం, చూపు మసకబారడం, వీటిలో ఏదైనా ఉంటే రెండో రీడింగు కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి. అవేవీ లేకుండా అంకె అలాగే ఉంటే అదే రోజు డాక్టర్‌ను అడగండి. ఇంట్లో ఉన్న గోలీ ఇంకోటి మింగించడం, నాలుక కింద బీపీ గోలీ పెట్టడం చేయొద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకు, గుండెకు రక్తం అందక పక్షవాతం, గుండెపోటు రావచ్చు.

ఇదే డబ్బుకు మణికట్టు మిషన్ తీసుకోవాలా అని చాలామంది అడుగుతారు. దండ మరీ లావుగా ఉండి ఏ పట్టీ పట్టనివారికి తప్ప మేము చెప్పం, మణికట్టు గుండె ఎత్తుకు సరిగ్గా పెట్టకపోతే అంకె ఎటైనా పోతుంది. చేతి గడియారాల్లో చూపే బీపీని చూసి గోలీలు నిర్ణయించొద్దు. పాదరసం మిషన్ వాడాలంటే స్టెతస్కోపుతో వినే అలవాటు ఉండాలి, ఇంటికి అది కుదరదు. వేరే మోడల్ చూస్తున్నారంటే అది పరీక్షల్లో నెగ్గిందో లేదో స్ట్రైడ్ బీపీ వెబ్‌సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఇంకొంచెం డబ్బు పెట్టగలిగితే పాత రీడింగులు దాచి సగటు చెప్పే మోడల్ తీసుకోండి, నోటుబుక్కు రాసేవాళ్లు ఇంట్లో లేనివారికి అది అవసరం.

కొన్నప్పుడు బిల్లు, వారంటీ కార్డు మీద షాపు ముద్ర అడగండి. ఏడాదికోసారి మిషన్‌ను, పట్టీతో సహా, దవాఖానకు తీసుకుపోయి అదే చేతికి వాళ్ల మిషన్‌తో, మీ మిషన్‌తో మార్చి మార్చి చూపించండి. 5 లోపు తేడా ఫరవాలేదు. 10 దాటితే ముందు పట్టీని అనుమానించండి, గాలి కారడం, వెల్క్రో అరిగిపోవడం ఎక్కువగా కనిపించే కారణాలు.

రెండు వేలు పెట్టలేనివారు ఆగిపోవాల్సిన పని లేదు. 30 ఏళ్లు దాటినవారికి సబ్ సెంటర్‌లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ ఉచితంగా చూస్తారు, గోలీలూ ఇస్తారు. బీపీ అదుపు కోసం దేశంలో 2017లో ఐహెచ్‌సీఐ (ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్) కార్యక్రమం మొదలైన అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అక్కడికి పోయినప్పుడు కూడా కుర్చీ, అయిదు నిమిషాల విరామం, చెయ్యి ఎత్తు అడిగి చేయించుకోండి. ఏఎన్ఎం దగ్గర ఒకే సైజు పట్టీ ఉందంటే మీ దండ కొలత చెప్పి, చిట్టీ మీద అంకె పక్కన అది కూడా రాయమనండి.